పాత సమాజం, కొత్త కృష్ణుడు

పద్యనాటకం తెల్లవారుజామున ముగుస్తుంది. దానిమీద తీర్పు మాత్రం తెల్లవారిన తరువాతనే మొదలవుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో తిరునాళ్ళ నాటకాలు చూచి పెరిగిన పెద్దలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. భుజాన తుండుగుడ్డ, కళ్ళలో నిద్ర, చేతిలో టీ గ్లాసు. ఇంతలో ఎవరో ఒకరు నోరు విప్పుతారు: "కృష్ణుడు ఫరవాలేదు. కాని పాత కృష్ణుడు కాడు." ఆ ఒక్క మాటతో రాత్రంతా పాడిన యువకుని భవితవ్యం తేలిపోతుంది. అన్నవాడు సంగీతశాస్త్రం చదివినవాడు కానక్కరలేదు. వరిమిల్లులో గుమాస్తా కావచ్చును, బడిపంతులు కావచ్చును, బండి కట్టుకొని పది మైళ్ళు వచ్చిన రైతు కావచ్చును. అయినా అతని తీర్పుమీద అప్పీలు లేదు.

ఈ తీర్పు ఎంతవరకు న్యాయమైనదన్నది ఆలోచించవలసిన విషయం. సమాజం పేరు పాతదే. తెరమీది అక్షరాలు పాతవే. కిరీటం కూడా పాతదే కావచ్చును. కిరీటం కింద ఉన్న ముఖం మాత్రం కొత్తది. అభిమాని తన యౌవనంలో చూచిన సమాజం ఇదేనా, లేక ఆ పేరు పెట్టుకొన్న మరొకటా? తెలుగునాట ఈ ప్రశ్నను నూట నలభై ఏళ్ళుగా తలమీద మోస్తూ తిరిగిన సమాజం సురభి. దానిని గురించి మాట్లాడుకొనే ముందు తీర్పు చెప్పే ఈ రసికులు ఎటువంటివారో కొంత తెలుసుకోవడం మంచిది.

ఈ మూడు పట్టణాల ఉనికిలోనే ఒక విశేషమున్నది. హైదరాబాదునుండి విజయవాడకు పోయే పెద్ద రోడ్డుమీద సూర్యాపేట, కోదాడ ఉన్నవి. కోదాడ దాటితే జగ్గయ్యపేట. అక్కడినుండి కృష్ణాతీరపు పద్యనాటకాల సీమ. మిర్యాలగూడకు దక్షిణాన వాడపల్లివద్ద కృష్ణ దాటితే పల్నాడు. 1967లో నాగార్జునసాగరం కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమకాలువ కింద వరిపొలాలు, వాటి వెంట మిల్లులు పెరిగినవి. ఆవలి జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తమతోపాటు తమ పద్యాలను కూడా తెచ్చుకొన్నవి. అంతకుముందునుండే ఈ నేలమీద యక్షగానమున్నది, ఒగ్గుకథ ఉన్నది, బుర్రకథ ఉన్నది. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లిలో రెండేళ్ళకొకసారి జరిగే పెద్దగట్టు జాతరకు పోయి వచ్చినవాడే శివరాత్రి తిరునాళ్ళలో రాయబారం నాటకం ముందు చాప పరచుకొని కూర్చుంటాడు. కథ తేటగా చెప్పాలన్న పట్టుదల అతనికి ఒకవైపునుండి వచ్చినది. రాగం నిండుగా ఉండాలన్న కోరిక మరొకవైపునుండి వచ్చినది. రెండూ కావాలంటాడు. అందుచేతనే ఇతనిని మెప్పించడం కష్టం.

పాత కృష్ణునికి, కొత్త కృష్ణునికి నడుమ తగవు ఒక్క రాత్రిలోనే తేలిపోయే ఏర్పాటు కూడా పద్యనాటకంలో ఉన్నది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములలోని పద్యాలు ప్రాణంగా ఆడే కృష్ణరాయబారం, కురుక్షేత్రం నాటకాలలో ఒకే కృష్ణపాత్రను ఇద్దరు, ముగ్గురు నటులు పంచుకొంటారు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు మరొక కృష్ణుడు. కరపత్రంలోనే ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని అచ్చువేస్తారు. కంట్రాక్టరు వేరువేరు ఊళ్ళ నటులను ఒక రాత్రికి కూర్చి ఆడించే ఈ నాటకాలకు కాంబినేషన్ నాటకాలని పేరు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు వంటి ఉద్దండులు కృష్ణవేషంలో వెలిగిన కాలంలో ఎవరి పక్షం వారికి ఉండేది. నచ్చితే "వన్స్‌మోర్" అని కేక, నచ్చకపోతే మౌనం. నటునికి ఆ మౌనం తిట్టుకంటె కఠినమైనది. ఒక పద్యం మూడుసార్లు పాడించుకొన్న జనమే తరువాతి కృష్ణుడు వచ్చినప్పుడు చాపలు సర్దుకొని నిద్రకు ఉపక్రమించేవారు.

ఇక్కడ ఒక మాట. రాగమా, భావమా అన్న ఈ వివాదం కొత్త తరం వచ్చిన తరువాత పుట్టినది కాదు. 1946లో కీర్తిశేషుడైన బళ్ళారి రాఘవ సైతం పాట మితిమీరితే నటన మునిగిపోతుందని భావించినవాడే. అనగా నేడు "పాతకాలపు స్వచ్ఛత" అని పెద్దలు కొనియాడే దానిమీద ఆ పాతకాలంలోనే ఫిర్యాదు ఉన్నది.

కాంబినేషన్ నాటకంలో నటుడు తన పేరుతోనే నిలుస్తాడు, తన పేరుతోనే పడిపోతాడు. వెనుక కాపాడవలసిన సమాజం పేరు ఏదీ లేదు. సురభి కథ అట్లు కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యాన కీచకవధ నాటకంతో ఈ సమాజం ఆరంభమైనది. ఆ కుటుంబాలవారు మహారాష్ట్ర మూలాలు గలవారు, తరతరాలుగా తోలుబొమ్మలాడించినవారు. తోలుబొమ్మకు ముసలితనం లేదు. కీచకుని బొమ్మ చిరిగితే పాత బొమ్మను తోలుమీద పరచి, అదే కొలతకు మరొకటి కోసి, అవే రంగులు దిద్దుకోవచ్చును. తెర వెనుకనుండి వచ్చే గొంతు అదే అయితే చూచేవారికి తేడా తెలియదు. బొమ్మలను దింపి మనుషులను రంగస్థలం ఎక్కించిన నాడే కొలత ప్రకారం మరొకరిని కోసుకొనే సౌకర్యం సురభివారికి పోయినది. నటుడు ముసలివాడవుతాడు, గొంతు జీరపోతుంది, ఒకనాడు ఉండడు. ఆ ఖాళీని నింపే ఉపాయమే సురభి చరిత్ర అంతా.

ఆ ఉపాయం కుటుంబం. ఇతర సమాజాలలో స్త్రీ పాత్రలను పురుషులు ధరించే రోజులలోనే సురభిలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించినారు. ఆంధ్రదేశం స్థానం నరసింహారావు సత్యభామను చూచి పరవశించినది. అది ఒక మహానటుని ప్రజ్ఞ. కాని ఆయన తరువాత ఆ సత్యభామ ఏది? ఒక్కని ప్రజ్ఞమీద నిలిచినది ఒక్కనితో ముగిసినది. సురభిలో తల్లి వేసిన వేషం కూతురు వేసినది, ఆమె కూతురు వేసినది. ఆడపిల్లలు పెళ్ళి చేసుకొన్నకొద్దీ కొత్త సమాజాలు చీలినవి. ఒకప్పుడు ముప్పైకి పైగా సురభి సమాజాలు దేశం తిరుగుతూ ఉండేవని ప్రతీతి. నేడు వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో విడుదలైనప్పుడు అందులో కథానాయికగా కనిపించిన కమలాబాయి సురభి బిడ్డయే. ఆమె తల్లి నాటకమాడుతూ ఉండగానే రంగస్థలంమీద ఆమెను ప్రసవించినదని, ప్రేక్షకులు అది కూడా నాటకంలోని భాగమనుకొన్నారని ఒక కథ చెప్పుకొంటారు. కథలో అతిశయమెంతో గాని, సురభివారి పుట్టుకకు, రంగస్థలానికి ఎంత దగ్గరి చుట్టరికమో అది చెప్పుతున్నది.

సురభిలో వేషం ఒక్కసారిగా చేతులు మారదు. పిల్లవాడు నడక వచ్చిన నాటినుండి బాలకృష్ణుడో, లోహితాస్యుడో, లవుడో, కుశుడో అవుతాడు. మీసం మొలిచే వయసులో అభిమన్యుడు. గొంతు నిలిచిన తరువాత కృష్ణుడు. ఒళ్ళు బరువెక్కిన తరువాత ఘటోత్కచుడు, ఆపైన శకుని, ఇంకా తరువాత హార్మోనియం పెట్టె. అభిమాని లోకంలో "కొత్త కృష్ణుడు" ఒక రాత్రి హఠాత్తుగా ప్రత్యక్షమవుతాడు. సమాజం లోపల మాత్రం అతడు పదిహేనేళ్ళుగా వింగు పక్కన నిలబడి ఆ పద్యాలు వింటున్నవాడే. పాత కృష్ణుడు కూడా ఎక్కడికీ పోలేదు. అదే వింగులో, ఈసారి అటు పక్కన, నిలబడి ఉన్నాడు. పద్యం తప్పితే మొట్టమొదట ముఖం చిట్లించేది నేల టికెట్టు రసికుడు కాదు, ఆయన.

అభిమానుల తీర్పులో ఎన్నడూ రాని పేర్లు కొన్ని ఉన్నవి. మాయాబజారులో ఘటోత్కచుడు నోరు తెరువగానే లడ్డూలు పళ్ళెంలోనుండి లేచి నోట్లోకి పోతవి. నారదుడు మబ్బులలోనుండి దిగివస్తాడు. రెండు బాణాలు ఆకాశాన ఢీకొని నిప్పులు రాలుస్తవి. ఇవన్నీ సన్నని తీగలు, కప్పీలు, తాళ్ళు, మందుగుండు, దీపాల అమరిక. తాడు లాగే చేయి అర నిముషం ఆలస్యమైతే పద్యం ఎంత బాగున్నా జనం నవ్వుతారు. ఆ చేయి సాధారణంగా ఆ సీనులో వేషం లేని నటునిదో, నటి భర్తదో అవుతుంది. రసికుడు కృష్ణుని గొంతును ముప్పై ఏళ్ళ తరువాత కూడా జ్ఞాపకం పెట్టుకొంటాడు. ఈ చేతులు మారినవో లేదో అతడెన్నడూ అడగడు. సమాజం అంటే రంగస్థలంమీద కనబడే నలుగురే అనుకోవడంవల్ల వచ్చిన పొరపాటు ఇది.

ఇక పెద్దల ఫిర్యాదులు. ఇవి తేలికగా తీసివేయదగినవి కావు. అట్లని అన్నీ ఒక్క బరువు గలవీ కావు.

గొంతు తగ్గినదన్నది మొదటి ఫిర్యాదు. మైకు లేని రోజులలో నటుని గాత్రం డేరా చివరి వరుస దాకా పోవలసి ఉండేది. అందుచేత పై స్థాయిలో ఎత్తుకొని, అక్షరం అక్షరం నొక్కి పలికేవారు. మైకు వచ్చిన తరువాత ఆ అవసరం పోయినది. అవసరం పోయిన చోట అభ్యాసమూ పలుచబడినది. ఇది నిజమే. కాని దానికి నటుని నిందించడం, మోటబావి పోయి పంపుసెట్టు వచ్చిన తరువాత ఎద్దుల బలం తగ్గినదని రైతును నిందించడం వంటిది.

హార్మోనియం స్థానంలో విద్యుత్తుతో పలికే కీబోర్డు వచ్చినదన్నది రెండవది. ఇందులో పైకి కనబడేదానికంటె ఎక్కువ విషయమున్నది. పద్యనాటకంలో హార్మోనిస్టు వాయించేవాడు మాత్రమే కాడు. నటునికి ఊపిరి ఆగిన చోట తాను అందుకొంటాడు. శ్రుతి జారితే ఒక స్వరం గట్టిగా నొక్కి వెనుకకు లాగుతాడు. మరచిపోయిన పద్యపు ఎత్తుగడను రాగంతోనే గుర్తు చేస్తాడు. ఒకవిధంగా అతడే రంగస్థలంమీద కూర్చొన్న దర్శకుడు. కీబోర్డు వాయించేవాడు ఆ విద్య తెలిసినవాడైతే నష్టం లేదు. తాళం యంత్రానికి వదలి కూర్చొంటే మాత్రం నటుడు యంత్రం వెంట పరుగెత్తవలసి వస్తుంది. పెద్దలు "సంగీతం పోయినది" అని ముక్తసరిగా అనే మాటకు అసలు అర్థం ఇదే.

మూడవ ఫిర్యాదు అన్నింటికంటె సత్యమైనది, అన్నింటికంటె తక్కువగా వినబడేది. నాటకం కుదించినారు. రాత్రంతా ఆడిన నాటకం రెండు, రెండున్నర గంటలకు దిగినది. కుదించినప్పుడు ఏమి పోయినది? లడ్డూలు పోలేదు, బాణాలు పోలేదు, మబ్బులు పోలేదు. పద్యాలు పోయినవి. చూచేవారికి తీరిక లేదు, పిల్లలకు నిద్ర వస్తుంది, చివరి బస్సు పోతుంది, కారణాలన్నీ సబబైనవే. కాని ఫలితమేమి? పాత కృష్ణుని ఇరవై పద్యాలలో పరీక్షించినవారు కొత్త కృష్ణుని ఆరు పద్యాలలో పరీక్షిస్తున్నారు. ప్రశ్నపత్రాన్ని సగానికి పైగా చించివేసి, విద్యార్థికి మార్కులు తక్కువ వచ్చినవని అంటే ఏ ఉపాధ్యాయుడు ఒప్పుకొంటాడు?

జ్ఞాపకం సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. పదేళ్ళ వయసులో తండ్రి భుజంమీద కూర్చొని చూచిన కృష్ణుడు ఎంత పొడవు! అరవై ఏట చూచిన కృష్ణుడు కొడుకు వయసు వాడు. ఇద్దరినీ ఒకే త్రాసులో తూచడం ఎంతటి రసికునికైనా సాధ్యం కాదు. పాత గ్రామఫోను రికార్డులు సాక్ష్యం చెప్పుతవని కొందరంటారు. ఆ రికార్డు ఒక వైపు పలికేది సుమారు మూడు నిముషాలే. రంగస్థలంమీద పది నిముషాలు సాగే రాగాన్ని నటుడు ఆ మూడు నిముషాలకు కుదించుకోవలసి వచ్చేది. ఆ రికార్డులు విని విని, అదే అసలు పద్ధతి అని నమ్మినవారు నేటి నటుడు కుదించి పాడినాడని కోపిస్తే అది కొంత వినోదంగానే ఉంటుంది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. పాశ్చాత్య దేశాలలో రాక్ సంగీత బృందాల అభిమానులు ఇదే వాదం వేస్తారు. 1973లో ఆస్ట్రేలియాలో ఏర్పడిన ఏసీ డీసీ అనే బృందపు గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో మరణించినాడు. బృందం ఇక లేదనుకొన్నవారు చాలమంది. బ్రయన్ జాన్సన్ అనే కొత్త గాయకునితో అదే ఏడు జూలైలో వారు వెలువరించిన బ్యాక్ ఇన్ బ్లాక్ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన సంగీత సంపుటాలలో ఒకటిగా నిలిచినది. అయినా బాన్ స్కాట్ కాలమే అసలైన కాలమని వాదించే అభిమానులు నేటికీ ఉన్నారు. మరొక బృందం క్వీన్. దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో మరణించిన తరువాత ఎవరు ఆ పాటలు పాడినా ముందు అతనితో పోల్చిన తరువాతనే వింటారు. వీరందరికీ ఒక సౌకర్యమున్నది: పాత గాయకుని గొంతు రికార్డులో చెక్కుచెదరక ఉన్నది. అది సౌకర్యమే, శాపమూ అదే. కొత్తవాడు ప్రతి సాయంత్రం చనిపోయినవానితో పోటీపడాలి. ఆ చనిపోయినవానికి ఎన్నడూ జలుబు చేయదు.

జపానుదేశపు కబుకి నాటకం మరింత దగ్గరి పోలిక. అక్కడ నటుని పేరే వారసత్వం. ఇచికావా దాన్‌జూరో అన్న పేరు ఆ వంశంలో తరతరాలుగా వస్తున్నది. పన్నెండవ దాన్‌జూరో 2013లో మరణించినాడు. ఆయన కుమారుడు నటుడే. కాని ఆ పేరు మాత్రం వెంటనే ధరించలేదు. 2020లో ధరించవలసినది కరోనావల్ల వాయిదా పడి, 2022 నవంబరులో పదమూడవ దాన్‌జూరో అయినాడు. కబుకిలో నటుడు ముఖ్యమైన భంగిమ పట్టిన క్షణాన ప్రేక్షకులలోని రసికులు అతని ఇంటిపేరు వంటి బిరుదును పెద్దగా కేకవేస్తారు. మన వన్స్‌మోర్‌కు అన్నగారు వంటిది ఆ కేక. ఎక్కడ వేయాలో తెలియనివాడు వేస్తే చుట్టుపక్కలవారు కళ్ళెర్రజేస్తారు. అనగా అక్కడ ప్రేక్షకత్వం కూడా ఒక విద్యయే. అది కూడా పెద్దలను చూచి నేర్చుకోవలసినదే.

సురభి ఆ మార్గాన పేరును భద్రపరచి ఊరకుండలేదు. 1990 దశకంలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటులకు శిక్షణ ఇచ్చి వారిచేత భీష్మ, చండీప్రియ నాటకాలు ఆడించినాడు. జర్మన్ నాటకకర్త బ్రెఖ్ట్ నాటకానికి అనుసరణగా బస్తీ దేవత యాదమ్మ కూడా వారిచేత ఆడించినాడు. కిరీటాలు, మబ్బుల తెరలు తప్ప మరొకటి ఎరుగరనుకొన్నవారు బస్తీ మనుషుల వేషాలు కట్టినారు. ఇది సురభియా, కాదా అని అడిగేవారు ఉండనే ఉంటారు. అడుగవలసినదే. కాని ఒకటి గమనించాలి. మాయాబజారు ఒక్కటే ఆడుతూ ఉంటే కొత్త నటునికి పాత నటుని నీడనుండి బయటపడే చోటు లేదు. యాదమ్మకు పాత యాదమ్మ ఎవరూ లేరు. ఆ వేషంలో నటి ఎవరితోనూ పోల్చబడకుండా ఒక్క సాయంత్రమైనా నిలబడినది. ఈ దృష్టితో చూస్తే కారంత్ సురభికి చేసిన మేలు నాటకాలకంటె పెద్దది.

సురభికి రేకందార్ నాగేశ్వరరావు అనే బాబ్జీ చిరకాలం పెద్ద దిక్కుగా నిలిచినారు. ఆయనకు 2013లో పద్మశ్రీ వచ్చినది. ఆ ఏడే వారి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ఫ్రాన్సులోని మెట్జ్ నగరంలో నాటకాలు ఆడివచ్చినది. తెలుగు తెలియని ఆ ప్రేక్షకులు పద్యంలోని యతిని గాని, రాగపు తప్పును గాని పట్టలేరు. వారు చూచినది తెరలు, వేగం, లడ్డూలు. చప్పట్లు కొట్టినారు. 2022లో బాబ్జీ కన్నుమూసినారు. ప్రదర్శనలు ఆగలేదు. తరువాతి తరంవారు వేషాలు కడుతున్నారు. వారిలో పగలు చదువులు, ఉద్యోగాలు చూచుకొని సాయంత్రం ముఖానికి రంగు పూసుకొనేవారు ఉన్నారు. తాతల వలె రోజంతా పద్యంతో గడిపే తీరిక వారికి లేదు. అది వారి అపరాధమూ కాదు.

ఇంతకూ ప్రమాదం కొత్త కృష్ణునివల్ల కాదు. తీర్పరి దూరమైపోవడంవల్ల. డేరా సమాజాలు ఒక ఊరిలో దిగితే వారాలు, నెలలు ఉండేవి. సామానంతా దించి, డేరా ఎత్తి, రోజుకొక నాటకం. సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు. ఈ మూడింటిలో రైలు ఉన్నది మిర్యాలగూడకే. లారీలమీద తెరలు, పెట్టెలు, పిల్లలు, వంటపాత్రలు అన్నీ దింపుకొన్న సమాజం వెంటనే కదలడం కూడా సులభం కాదు. అందువల్ల రసికునికి ఒకే నటుని పదిసార్లు, ఇరవైసార్లు చూచే అవకాశం ఉండేది. మొదటి రాత్రి తడబడిన యువకుడు పదవ రాత్రికి ఎట్లు కుదుటపడినాడో అతడు చూచేవాడు. "పాత కృష్ణుడు కాడు" అన్నవాడే పదిహేనవ నాడు "ఆ రెండవ పద్యం మాత్రం వీడే బాగా పాడుతున్నాడు" అని తీర్పు సవరించుకొనేవాడు. ఎక్కడ బాగా లేదో చెప్పదలిస్తే డేరా వెనుక పొయ్యి దగ్గరకు పోయి చెప్పవచ్చును. విన్నవారు విన్నారు, కోపించినవారు కోపించినారు. కాని మాట చేరేది.

నేడు సురభి హైదరాబాదులోను, ఆహ్వానాలు వచ్చిన ఊళ్ళలోను ఆడుతున్నది. జిల్లా పట్టణానికి వస్తే ఒక్క రాత్రికో, రెండు రాత్రులకో వస్తుంది. కోదాడ రసికుడు ఒక్క ప్రదర్శన చూచి, నలభై ఏళ్ళ జ్ఞాపకంతో దానిని కొలిచి, ఉదయం టీ దుకాణంలో తీర్పు చెప్పేసరికి సమాజం లారీ నకిరేకల్ దాటి ఉంటుంది. మాట చేరదు. చేరని తీర్పు నిష్ఠూరంగా మాత్రమే మిగులుతుంది. నటునికి దిద్దుకొనే అవకాశం లేదు. రసికునికి సవరించుకొనే అవకాశం లేదు. ఒకరినొకరు తయారుచేసుకొన్న ఇద్దరు విడిపోయినారు.

ఈ లోటు డేరాలతో పూడ్చడం ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. మైదానాలు ఇళ్ళస్థలాలైనవి, నెలరోజులు కుటుంబంతో వచ్చి నాటకం చూచే తీరిక పట్టణాలకు పోయినది. కాని తీర్పు చెప్పేందుకు పాత కృష్ణుని జ్ఞాపకమే కావలెనా? పాత కృష్ణుడు, కొత్త కృష్ణుడు ఇద్దరూ లోబడవలసిన కొలత మరొకటున్నది. అది పద్యం. ఉత్పలమాలలో యతి పదవ అక్షరంమీద, చంపకమాలలో పదకొండవ అక్షరంమీద, శార్దూలంలో పదమూడవ అక్షరంమీద, మత్తేభంలో పద్నాలుగవ అక్షరంమీద పడుతుంది. కాని మాట ఎప్పుడూ యతివద్దనే విరగదు. అర్థం ఒకచోట ఆగమంటుంది, ఛందస్సు మరొకచోట తూగమంటుంది, రాగం ఇంకొకచోట సాగమంటుంది. ఈ మూడింటి లాగులాటలో ఊపిరి ఎక్కడ తీయాలన్నదే పద్యం పాడే నటుని అసలు విద్య. సమాసం నడుమ ఊపిరి తీస్తే ఎంత మధురమైన గొంతైనా అర్థం తెగిపోతుంది. గొప్పవారని పేరు పడ్డవారు కూడా చప్పట్ల ఆశతో ఇట్లు తెగగొట్టిన సందర్భాలు లేకపోలేదు.

దీనిని తరగతి గదిలోనే నేర్పవచ్చును. పాఠ్యపుస్తకంలోని పద్యం చదివించేటప్పుడు గణవిభజన చేయించి ఊరకుండక, ఆ పద్యాన్ని నలుగురు పిల్లలచేత నాలుగు విధాలుగా ఆగించి చదివిస్తే చాలును. ఏది కృష్ణుని మాటవలె వినబడినదో పిల్లలే చెప్పుతారు. మిర్యాలగూడలోనో, సూర్యాపేటలోనో అట్లు చదువుకొన్న తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఎప్పుడైనా ఒక రాత్రి సురభి నాటకానికి పోతాడు. లడ్డూలు నోట్లోకి పోవడం చూచి అందరితోపాటు నవ్వుతాడు. అతనికి పాత కృష్ణుడెవరో తెలియదు. పక్కన కూర్చొన్న తాత "వెనుకటి గొంతు లేదు" అని పెదవి విరిస్తే, పిల్లవాడు అడుగుతాడు: "గొంతు సంగతి కాదు తాతా, ఆ మూడవ పాదంలో పదం మధ్యలో ఊపిరి ఎందుకు తీసినాడు?"